మెటల్ వాల్వు ఉన్న పిల్లలు పెరుగుతుంటే: రక్తం పల్చబడే మాత్ర డోస్, ఐఎన్ఆర్, తిండి, ఆటలు

పిల్లలకు గుండెలో మెటల్ వాల్వు వేశాక ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఆఖర్న ఒక మాత్ర ఉంటుంది, అసిట్రోమ్ అనో వార్ఫ్ అనో. "ఇది జీవితాంతం వాడాలమ్మా" అంటారు డాక్టరు. ఆ ఒక్క మాటకే మనకి సగం ప్రాణం పోతుంది, మిగతాది చెవికెక్కదు. దాంతో చాలా ఇళ్ళలో ఏమవుతుందంటే, మాత్ర జీవితాంతం అన్నారు కదా, డోసూ జీవితాంతం అదే కాబోలనుకుని ఏడేళ్ళప్పుడు రాసిన చీటీనే పదేళ్ళొచ్చాక కూడా మెడికల్ షాపులో చూపిస్తుంటారు. పెద్దవాళ్ళకైతే ఒకసారి కుదిరిన డోస్ ఏళ్ళ తరబడి నడిచిపోవచ్చు. పిల్లలకి నడవదు, ఎందుకంటే బరువు పెరుగుతుంది, తిండి మారుతుంది, జ్వరాలొస్తాయి, పళ్ళూడతాయి, ఆడపిల్లైతే పెద్దమనిషవుతుంది, ఆ తర్వాత హాస్టలు.

మా అమ్మాయికి రుమాటిక్ జ్వరంతో మైట్రల్ వాల్వు (గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) పాడైతే చిన్నప్పుడే మార్చారు, ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మేముండేది విశాఖపట్నం గాజువాకలో. నేను డాక్టర్ని కాను, డోస్ మార్చేది మీ కార్డియాలజిస్టే, అందులో రెండో మాట లేదు. కానీ ఆయన చూసేది నెలకో పది నిమిషాలు, మిగతా రోజులన్నీ పిల్ల మన కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి ఏది మారిందో కనిపెట్టి టైముకి చెప్పే పని మనదే.

ముందు ఆ మాత్ర చేసే పని

రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను లివర్ విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఈ మాత్ర ఆ విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది, అంతే. మెటల్ వాల్వు మీద రక్తం గడ్డకడితే వాల్వు ఇరుక్కుపోవచ్చు, లేదా ఆ గడ్డ మెదడుకి వెళ్ళి పక్షవాతం రావచ్చు, అది ఆపడానికే ఇది. మాత్ర తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఈ రెంటికీ మధ్య మనం ఎక్కడున్నామో రక్తపరీక్షలో చెప్పే నంబరే ఐఎన్ఆర్. మామూలు మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య, అయోర్టిక్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే ద్వారం) అయితే 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మీ పిల్లకి ఎంతో అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకోండి, ఎందుకంటే ల్యాబ్ రిపోర్టు మీద పక్కనే "నార్మల్ 0.8 – 1.2" అని అచ్చు వేసి మన 2.9 పక్కన ఎర్రగా "హై" అని పెడతారు. అది చూసి ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మలే కాదు, మన కేసు తెలియని డాక్టర్లు కూడా ఒక్కోసారి కంగారుపడి మాత్ర ఆపమంటారు. మన పిల్లకి 2.9 మంచి నంబరు. 1.2 వస్తే పరుగెత్తాలి.

ఇంకో సంగతి. వార్ఫ్ మాత్రలో ఉండే వార్ఫరిన్‌ని 1948లో అమెరికాలో ఎలకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకి వాడుతున్నారు. ఫోన్ చేతికొచ్చిన పిల్లలు ఏదో ఒక రోజు ఇది చదివి "అమ్మా, నాకు ఎలకల మందు పెడుతున్నారా" అని అడుగుతారు, కాబట్టి మీరే ముందు చెప్పేయండి. ఏ మందైనా మోతాదుని బట్టే కదా, అందుకే ఈ టెస్టులన్నీ, అని చెప్తే అర్థం చేసుకుంటారు.

బరువు పెరిగితే డోస్ ఎంత పెరుగుతుంది

ఇక్కడే అందరూ లెక్క తప్పుతారు. బరువు రెట్టింపైతే మాత్ర కూడా రెట్టింపు అనుకుంటారు. వార్ఫరిన్ విషయంలో ఏడాదిలోపు పసిపిల్లలకి సగటున కిలోకి 0.33 మిల్లీగ్రాములు పడుతుంది, టీనేజ్ వచ్చేసరికి అది కిలోకి 0.09 దగ్గరికి దిగుతుంది. అంటే ఎనిమిది కిలోల పసివాడికి రోజుకి రెండున్నర మిల్లీగ్రాములు పైన పడితే, నలభై ఐదు కిలోల పిల్లాడికి నాలుగు సరిపోవచ్చు. బరువు అయిదు రెట్లు దాటింది, మందు రెండింతలు కూడా కాలేదు. ఇవి సగటులు, మీ పిల్ల లెక్క వేరే ఉంటుంది, ఒకే బరువున్న ఇద్దరు పిల్లలకి డోస్ సగానికి సగం తేడా ఉండొచ్చు. చెప్పొచ్చేదేంటంటే బరువు చూసి ఇంట్లో లెక్క కట్టే వ్యవహారం కాదిది. చేయాల్సింది నెలకోసారి బరువు తూచి ఐఎన్ఆర్ పక్కన రాయడం. వేసవి సెలవుల్లో పిల్లలు ఒక్కసారిగా సాగుతారు, అప్పుడు ఏ మార్పూ లేకుండానే నంబరు మెల్లిగా 3 నుంచి 2.6కి, తర్వాత 2.3కి జారుతుంది. ఒక్కొక్క రిపోర్టు విడిగా చూస్తే అది కనపడదు, వరసగా రాసుంటే డాక్టరు ఒక్క చూపులో పట్టుకుంటారు.

నోట్‌బుక్‌లో తేదీ, బరువు, ఐఎన్ఆర్, డోస్, ఆ వారం ఏం జరిగింది, ఈ అయిదూ చాలు. ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం. "విరేచనాలు రెండు రోజులు", "సెప్ట్రాన్ వాడాం", "పెళ్ళికి శ్రీకాకుళం వెళ్ళి రెండు రాత్రులు మాత్ర మర్చిపోయాం", ఏదైనా దాచకుండా రాయండి. మర్చిపోయిన సంగతి చెప్పకపోతే డాక్టరు డోస్ చాలట్లేదనుకుని పెంచుతారు, తర్వాత మీరు బుద్ధిగా ఇవ్వడం మొదలుపెట్టేసరికి ఐఎన్ఆర్ ఐదు దాటుతుంది.

మాత్రల దగ్గర జాగ్రత్తలు

అసిట్రోమ్, వార్ఫ్ రెండూ ఒకే జాతి మందులు, కానీ ఒకే మందు కాదు. అసిట్రోమ్‌లో ఉండేది అసినోకౌమరాల్, అది శరీరంలోంచి త్వరగా వెళ్ళిపోతుంది, వార్ఫరిన్ నిదానంగా పోతుంది. మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము సరిపోవు. "అది స్టాక్ లేదు సార్, ఇదీ అదే" అని షాపతను ఇస్తే తీసుకోవద్దు. ఒకే మందు, ఒకే కంపెనీ, కనీసం ఓ పదిహేను రోజుల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో మిగిలి ఉండేలా కొనండి. తుపాను హెచ్చరిక వస్తే ఇంకో స్ట్రిప్ ఎక్కువ పెట్టుకోండి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో షాపులు, కరెంటు, ఫోన్లు అన్నీ ఒకేసారి ఆగిపోయిన రోజులు ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు.

డోస్‌ని "ఒక మాత్ర, అర మాత్ర" అని కాకుండా మిల్లీగ్రాముల్లో గుర్తుపెట్టుకోండి. ఈ మాత్రలు ఒకటి, రెండు, మూడు ఇలా రకరకాల బలాల్లో దొరుకుతాయి, స్ట్రిప్ మారితే అర మాత్ర అర్థమే మారిపోతుంది. డాక్టర్లు చాలాసార్లు సోమ, బుధ, శుక్రవారాలు ఒక డోస్, మిగతా రోజులు ఇంకో డోస్ అని రాస్తారు. దానికి ఏడు గళ్ళ మాత్రల డబ్బా కొనుక్కుని ఆదివారం కూర్చుని వారానికి సరిపడా నింపేయండి, రాత్రి "ఇచ్చావా, నువ్విచ్చావా" అని మొగుడూ పెళ్ళాల గొడవ ఉండదు. గడి ఖాళీగా ఉంటే ఇచ్చినట్టు. మింగలేని చిన్నపిల్లలకి మాత్ర నలిపి చెంచాడు నీళ్ళలో కలిపి ఇచ్చి, ఆ చెంచా అడుగున మిగిలిన పొడిని కూడా ఇంకొన్ని నీళ్ళు పోసి తాగించండి, చిన్న డోస్‌లో ఆ కాస్తా లెక్కలోకి వస్తుంది. పాల గ్లాసులో కలిపితే సగం తాగి వదిలేస్తారు.

రాత్రి పూట ఒకే టైముకి ఇవ్వడం మంచిది. పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి రిపోర్టు వస్తుంది, డోస్ మార్చాలంటే ఆ రాత్రికే మార్చొచ్చు. మర్చిపోయారా, అదే రోజు పడుకునేలోపు గుర్తొస్తే ఇచ్చేయండి. తెల్లారాక గుర్తొస్తే ఆ డోస్‌ని వదిలేసి రాత్రికి మామూలు డోస్ ఇవ్వండి. రెండూ కలిపి ఎప్పుడూ వేయకండి. వరసగా రెండు పూటలు తప్పితే మాత్రం డాక్టరుకి ఫోన్ చేయాల్సిందే.

రక్తపరీక్ష

కుదిరినంతవరకు ఒకే ల్యాబ్‌కి వెళ్ళండి. కేజీహెచ్ ఆస్పత్రి చుట్టుపక్కల, జగదాంబ దగ్గర బోలెడు ల్యాబులున్నాయి, ఏది చవకైతే అది అని తిరిగితే మెషీను మారి, వాడే కెమికల్ మారి నంబరు అటూ ఇటూ అవుతుంది, అది పిల్లలో వచ్చిన మార్పో ల్యాబ్ తేడానో తెలీదు. ఈ టెస్టుకి పరగడుపున వెళ్ళక్కర్లేదు, ఇడ్లీ తినిపించే తీసుకెళ్ళండి, కడుపు నిండిన పిల్ల సగం తక్కువ ఏడుస్తుంది.

గమనించాల్సింది రక్తం తీసే లేత నీలం మూత ట్యూబుని. అందులో ముందే సిట్రేట్ అనే ద్రవం కొలిచి పోసి ఉంటుంది, రక్తం దాని మీద గీత వరకు నిండాలి. పిల్లల నరం దొరక్క, ఏడుస్తుంటే చూడలేక, సగం ట్యూబుతో సరిపెట్టేవాళ్ళుంటారు. రక్తం తక్కువపడితే ఐఎన్ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోస్ తగ్గిస్తే అసలు ప్రమాదం అప్పుడొస్తుంది. గీత దాకా నిండిందా అని అడగడానికి మొహమాటపడకండి. ముందే అడిగి పిల్లల సైజు ట్యూబు పెట్టించుకుంటే ఇంకా సుఖం. ఎప్పుడూ 2.8 ఉండే పిల్లకి ఏ కారణమూ లేకుండా 6 వస్తే డాక్టరుకి చెప్పండి, చాలాసార్లు మళ్ళీ తీయమనే అంటారు.

డోస్ మార్చాక మర్నాడే టెస్టు చేయిస్తే లాభం లేదు, మార్పు కనపడడానికి రెండు మూడు రోజులు, కుదురుకోవడానికి ఓ వారం పడుతుంది. అంతా నిలకడగా ఉంటే నెలకోసారి. జ్వరం, విరేచనాలు, కొత్త మందు, ఏదొచ్చినా మూడు నుంచి అయిదు రోజుల్లో ఒకసారి చూపించాలి. వేలి మీద సూది పొడిచి ఇంట్లోనే చూసుకునే మీటర్లు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. స్ట్రిప్పులు ఖరీదే, కానీ అరకు, పాడేరు వైపు నుంచి ప్రతి టెస్టుకీ ఘాట్ దిగి రావాల్సిన వాళ్ళకి బస్సు ఖర్చు, పోయిన కూలీ కలిపి చూసుకుంటే ఆలోచించదగ్గదే. కొన్న కొత్తలో ల్యాబ్ నంబరుతో పోల్చి చూసుకోవాలి. మీటర్ మీద మరీ ఎక్కువ వస్తే ల్యాబ్‌లో నిర్ధారించుకోవాలి.

ఆకుకూరలు మానిపించకండి

ఎవర్ని అడిగినా మొదట చెప్పేది "ఆకుకూరలు బంద్" అనే. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకు, బచ్చలి, వీటిలో విటమిన్ కె ఎక్కువ, అది మాత్రకి ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ పెరిగే పిల్లకి ఆకుకూరలు లేకుండా చేస్తే రక్తహీనత ఒకటి అదనం. పైగా అసలు విటమిన్ కె అందని ఒంట్లో ఐఎన్ఆర్ చీటికీ మాటికీ ఊగుతుంది, పెళ్ళిభోజనంలో ఓ గరిటెడు గోంగూర తిన్నా నంబరు కిందికి పడుతుంది. పద్ధతేంటంటే ఇంట్లో వారానికి రెండు రోజులు ఆకుకూర పప్పు చేస్తారా, రెండు రోజులే చేయండి, ఎప్పుడూ రెండు రోజులే. ఆ తిండి మీదే డాక్టరు డోస్ కుదురుస్తారు. పిల్ల తినే తిండికి మాత్రని సర్దాలి గానీ మాత్ర కోసం పిల్ల కంచం ఖాళీ చేయకూడదు.

ఇబ్బంది పెట్టేవి ఒక్కసారిగా వచ్చే మార్పులు. ఆషాఢంలో మునగాకు తినాలని అమ్మమ్మ వారం రోజులు వరసగా వండి పెడుతుంది, నంబరు దిగుతుంది. పరీక్షలప్పుడు పిల్ల సరిగా తినదు, ఎక్కుతుంది. బరువు పెరగాలని కొత్తగా పాలలో కలిపే పొడి డబ్బా మొదలుపెడతారు, అందులో విటమిన్ కె కలిపి ఉండొచ్చు, డబ్బా వెనక చదవండి. చేపల వల్ల ఏ పేచీ లేదు, వంజరమైనా కానాగంతలైనా హాయిగా పెట్టండి. కొత్తిమీర, కరివేపాకు పోపులో వేసేంత లెక్కలోకి రాదు. అల్లం, వెల్లుల్లి, పసుపు కూరలో ఉన్నంత వరకు ఫరవాలేదు, అవే క్యాప్సూళ్ళుగానో కషాయంగానో రోజూ ఇవ్వడం వద్దు. నాటు మందులు, లోపల ఏముందో రాసి ఉండని పొడులు ఎవరిచ్చినా వద్దు.

జ్వరాలు, ఇంజెక్షన్లు

వానాకాలం మన ఊళ్ళో జ్వరాల కాలం. పిల్ల తినకుండా పడుకున్నా, విరేచనాలు పట్టుకున్నా ఐఎన్ఆర్ పైకి పోతుంది. జ్వరానికి పారాసిటమాల్ బరువుకి తగ్గ డోస్‌లో ఇవ్వొచ్చు, నాలుగైదు రోజులు ఆగకుండా వాడాల్సి వస్తే అది కూడా నంబరుని కాస్త పెంచుతుంది కాబట్టి చెప్పి వాడండి. ఇవ్వకూడనివి ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్. ఇవి కాంబిఫ్లామ్, ఐబూజెసిక్ ప్లస్, మెఫ్తాల్ లాంటి పేర్లతో ప్రతి ఇంట్లో ఉంటాయి, తెలిసో తెలియకో ఎవరో ఒకరు తాగించేస్తారు. ఆస్పిరిన్ మీ కార్డియాలజిస్టు రాస్తే తప్ప వద్దు, రాస్తే మీరే ఆపనూ వద్దు. మిథైల్ సాలిసిలేట్ ఉండే నొప్పి బామ్‌లు రోజూ ఒళ్ళంతా పూసినా ఐఎన్ఆర్ పెరుగుతుంది, ఇది నమ్మబుద్ధి కాదు గానీ నిజం.

డెంగీ సంగతి వేరుగా చెప్పాలి. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఇటు ఈ మాత్ర కూడా నడుస్తుంటే రక్తస్రావం ప్రమాదం రెండు వైపుల నుంచీ వస్తుంది. మాత్ర ఇవ్వాలా, ఆపాలా, హెపారిన్‌కి (రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్‌గా ఇచ్చే మందు) మార్చాలా అనేది ఆస్పత్రిలో రోజూ కౌంట్ చూసుకుంటూ తేల్చాల్సిన విషయం. జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే చూపించండి. బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంట్లో కూర్చోవద్దు.

యాంటీబయాటిక్స్‌లో మెట్రోనిడజోల్, సెప్ట్రాన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి నంబరుని పైకి తోస్తాయి, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకొనజోల్ కూడా. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే కార్బమజపిన్ కిందికి లాగుతాయి. ఈ పేర్లన్నీ గుర్తుండవు, గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: కొత్త మందు ఏది మొదలుపెట్టినా, ఏది ఆపినా, కార్డియాలజిస్టుకి ఒక మెసేజ్, అయిదు రోజుల్లోపు ఒక టెస్టు.

కండకి వేసే ఇంజెక్షన్లు వద్దు, లోపల రక్తం చేరి గడ్డలా వాస్తుంది. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే ముందు సూదే తీస్తాడు, కాబట్టి గుమ్మంలోనే చెప్పాలి. టీకాలు మానక్కర్లేదు, ఐఎన్ఆర్ హద్దులో ఉందని చూసుకుని సన్న సూదితో వేయించి, రుద్దకుండా కొన్ని నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకి 21 రోజులకోసారి వేసే పెనిసిలిన్ కూడా కండకి వేసేదే. దాన్ని ఏం చేయాలో కార్డియాలజిస్టునే అడగండి, కొందరికి జాగ్రత్తగా కొనసాగిస్తారు, కొందరికి మాత్రలకి మారుస్తారు. మీ అంతట మీరు ఆపితే మాత్రం మళ్ళీ జ్వరమొచ్చి ఉన్న వాల్వులు కూడా పాడవుతాయి.

ఇంకొకటి, ఐఎన్ఆర్ ఎక్కువొచ్చిందని ఎవరైనా విటమిన్ కె ఇంజెక్షన్ వేస్తానంటే కార్డియాలజిస్టుతో ఫోన్లో మాట్లాడించండి. రక్తం కారకుండా ఊరికే నంబరు పెరిగితే చాలాసార్లు ఒకటి రెండు పూటలు మాత్ర ఆపితే సరిపోతుంది. పెద్ద డోస్ విటమిన్ కె పడితే తర్వాత కొన్ని రోజులు మాత్ర పనిచేయదు, వాల్వుకి రక్షణ ఉండదు. రక్తం కారుతుంటే అది వేరే మాట, అప్పుడు ఆస్పత్రే.

పాలపళ్ళు, చెవులు కుట్టించడం, ఆటలు

ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పాలపళ్ళు ఊడే కాలం. కదిలే పన్నుని దారం కట్టి లాగడం వద్దు, దానంతటది ఊడనివ్వండి. ఊడాక శుభ్రమైన గాజుగుడ్డని నాలుగు మడతలు పెట్టి తడిపి, ఆ సందులో పెట్టి అరగంట గట్టిగా కొరికి పట్టుకోమనండి. మధ్యమధ్యలో తీసి ఆగిందా అని చూడకూడదు, చూస్తే కట్టిన గడ్డ కూడా గుడ్డతో పాటు వచ్చేస్తుంది. ఆ రోజు వేడి వేడివి వద్దు, పుక్కిలించొద్దు. అరగంట తర్వాత కూడా కారుతుంటే ఇంకోసారి, అప్పటికీ ఆగకపోతే డాక్టరు. పన్ను తీయించాల్సి వస్తే డెంటిస్టు, కార్డియాలజిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. వాల్వు ఉన్నవాళ్ళకి పన్ను పనికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి, లేకపోతే నోట్లో సూక్ష్మక్రిములు రక్తంలోంచి వాల్వు మీదికి చేరతాయి. "మూడు రోజులు మాత్ర ఆపి రండి" అని డెంటిస్టు ఒక్కడే చెప్తే వినొద్దు. వీటన్నిటికన్నా చవకైనది మెత్తని బ్రష్‌తో రోజూ రెండుసార్లు తోమించడం.

సింహాచలంలో గుండు చేయించాలన్నా, చెవులో ముక్కో కుట్టించాలన్నా ముందు నంబరు చూసుకుని, డాక్టరుకి చెప్పి, కొత్త బ్లేడు, కొత్త సూది అని పట్టుబట్టి చేయించండి. మొక్కు ఒక నెల ఆలస్యమైతే అప్పన్న ఏమీ అనుకోడు.

ఆటలు పూర్తిగా మానిపించేవాళ్ళని చూస్తే నాకు బాధ. పరుగు, షటిల్, ఈత, టెన్నిస్ బాల్ క్రికెట్ అన్నీ, గుండె పనితీరు బాగుండి డాక్టరు సరే అంటే, ఆడొచ్చు. కబడ్డీ, కరాటే పోటీలు, కార్క్ బాల్ వద్దు. సైకిల్‌కీ, మీ బండి వెనక కూర్చున్నప్పుడూ హెల్మెట్ తప్పనిసరి, బీచ్ రోడ్డు దాకా అయినా సరే. తలకి దెబ్బ తగిలితే బొప్పి లేకపోయినా, పిల్ల నవ్వుతూ ఉన్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, లోపలి రక్తస్రావం గంటల తర్వాత బయటపడొచ్చు. ఈ ఒక్కటి స్కూల్లో పీఈటీ సారుకీ, క్లాస్ టీచర్‌కీ కాగితం మీద రాసివ్వండి, నోటిమాట మరుసటి ఏడాదికి టీచరుతో పాటే మారిపోతుంది.

ఆడపిల్ల పెద్దమనిషయ్యాక, హాస్టల్లో చేరాక

దీని గురించి డాక్టర్లు కూడా ముందుగా చెప్పరు, మనం అడగం. నెలసరి మొదలయ్యాక ఈ మాత్ర మీదున్న పిల్లలకి రక్తస్రావం ఎక్కువగా, ఎక్కువ రోజులు ఉండొచ్చు. పదేళ్ళు దాటగానే గైనకాలజిస్టు పేరు ఒకటి అనుకుని పెట్టుకోండి. గంట రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, వారం దాటినా, కళ్ళు తిరుగుతున్నా అదే సర్దుకుంటుందిలే అని ఊరుకోకూడదు. మూడు నాలుగు నెలలకోసారి హిమోగ్లోబిన్ చూపించండి. కడుపునొప్పికి క్లాసులో పక్క పిల్ల ఇచ్చే మాత్ర సాధారణంగా మెఫెనమిక్ యాసిడ్ ఉన్నదే అయ్యుంటుంది, వద్దని పిల్లకే నేర్పాలి. పారాసిటమాల్, వేడినీళ్ళ సంచి చాలు. రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెగ్జామిక్ మాత్రలు గానీ హార్మోన్ మాత్రలు గానీ వాల్వు సంగతి చూసే కార్డియాలజిస్టుకి తెలియకుండా వద్దు, కొన్నిటితో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఇక ఇంటర్ హాస్టల్. పదో తరగతి దాకా బంగారంలా నడిచిన ఐఎన్ఆర్ అక్కడికి వెళ్ళిన నెలలో గాడి తప్పుతుంది. మెస్‌లో ఆకుకూర ఉండదు, ఉన్నా పిల్లలు తినరు, రాత్రి స్టడీ అవర్లో మాత్ర గుర్తుండదు, ఆదివారం ఔటింగ్ లేదంటారు. డే స్కాలర్‌గా కుదిరితే అదే మేలు. కుదరకపోతే చేరిన పది రోజులకి ఒకసారి, ఆ తర్వాత కుదురుకునే దాకా రెండు వారాలకోసారి టెస్టుకి పంపాలని అడ్మిషన్ రోజే రాతపూర్వకంగా ఒప్పించండి. మాత్రల డబ్బా వార్డెన్ దగ్గర కాదు, పిల్ల దగ్గరే ఉండాలి. దాని కోసం పన్నెండేళ్ళ నుంచే అలవాటు చేయాలి: ముందు డబ్బా నింపడం, తర్వాత రిపోర్టు చదవడం, తర్వాత డాక్టరుతో తనే మాట్లాడడం. ఆ వయసులో ఒకసారి ఎదురుతిరిగి మాత్ర మానేసే పిల్లలుంటారు, తిట్టి లాభం లేదు, ఎందుకు విసుగొచ్చిందో వినండి. వాల్వు చప్పుడు క్లాసులో వినపడి పక్కవాళ్ళు "నీలో గడియారం ఉందా" అని ఏడిపించడం కూడా ఒక కారణం కావచ్చు.

ఆ చప్పుడు గురించే ఇంకో మాట. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినపడే ఆ టిక్ టిక్ ఉన్నట్టుండి మందగించినా, వినపడకపోయినా, ఆయాసం మొదలైనా వాల్వు మీద గడ్డ కట్టి ఉండొచ్చు. మూతి వంకరపోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడడం పక్షవాతం గుర్తులు. తారులా నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, ఆగని తలనొప్పీ వాంతులూ లోపలి రక్తస్రావం గుర్తులు. ఇవేవి కనపడినా ఐఎన్ఆర్ రిపోర్టు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేసి, గుండె ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకుండా ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, పావుగంట దాటినా ఆగకపోతే బయల్దేరాలి.

ఈ టెస్టులు అక్కర్లేని కొత్త మాత్రలొచ్చాయట కదా అని చాలామంది అడుగుతారు. రివరోక్సబాన్, డబిగాట్రాన్‌లకి 2021లో అమెరికాలో పిల్లల వాడకానికి అనుమతి వచ్చింది, సిరల్లో గడ్డలు కట్టే పిల్లలకి అవి నిజంగా సుఖం. మెటల్ వాల్వుకి మాత్రం పనికిరావు. డబిగాట్రాన్‌ని మెటల్ వాల్వు ఉన్న పెద్దవాళ్ళ మీద పరీక్షిస్తే గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువైంది, మధ్యలోనే ఆపేశారు. ఎవరైనా మార్చేద్దామంటే వాల్వు మెటల్‌దని గుర్తుచేయండి.

పద్దెనిమిది దగ్గరపడుతుంటే పాత నోట్‌బుక్కులు, ఆపరేషన్ కాగితం, వాల్వు కంపెనీ, సైజు రాసున్న కార్డు, ఇవన్నీ స్కాన్ చేసి పిల్ల ఫోన్లో పెట్టండి. చదువుకి హైదరాబాదో బెంగుళూరో వెళ్తే అక్కడి డాక్టరు మొదట అడిగేవి అవే. ఆడపిల్లైతే ఒక విషయం సిగ్గుపడకుండా తల్లే చెప్పాలి, వీలైతే డాక్టరు ముందు చెప్పించాలి: ఈ మాత్రలు గర్భం మొదటి మూడు నెలల్లో బిడ్డకి హాని చేయగలవు, కాబట్టి పెళ్ళయ్యాక పిల్లల గురించి అనుకునే ముందే కార్డియాలజిస్టుని కలవాలి, నెల తప్పాక కాదు. అలాగని గర్భం అనుమానం రాగానే భయపడి మాత్ర తనంతట తను ఆపేస్తే వాల్వు మీద గడ్డ కడుతుంది, అదే రోజు ఫోన్ చేసి ఏం చేయాలో కనుక్కోవాలి. సంబంధం చూసేటప్పుడు ఈ సంగతి అబ్బాయి వాళ్ళకి చెప్పాలా అని మా బంధువులు ఇప్పటి నుంచే గుసగుసలాడుతున్నారు. చెప్పే చేస్తాం, రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకోవడం దాచుకోవాల్సిన పనేమీ కాదు.